డిస్టోపియన్ సినిమాల్లో నిరీక్షణ ఉందా? అడ్వెంట్‌లో యూత్‌కి ఏది చూపించొచ్చు?

వేపేరి_సిస్టర్ అడిగారు:

అందరికీ వందనాలు. చెన్నైలో మా తెలుగు చర్చిలో యూత్ బాధ్యత నేను చూస్తాను. ఎక్కువమంది ఓఎంఆర్, గిండీ వైపు ఉద్యోగాలు చేసేవాళ్ళు, కొంతమంది కాలేజీ పిల్లలు, నెల్లూరు ఒంగోలు గుంటూరు నుంచి వచ్చి పీజీల్లో ఉంటున్నవాళ్ళే చాలామంది. అడ్వెంట్‌లో, అంటే క్రిస్మస్ ముందు నాలుగు వారాల్లో, ఒక శనివారం సాయంత్రం సినిమా చూసి మాట్లాడుకుందాం అన్నాను, ఏం చూద్దామో మీరే చెప్పండి అంటే వాళ్ళిచ్చిన లిస్ట్ మొత్తం ప్రపంచం పాడైపోయాక ఏమవుతుంది అనే సినిమాలే. మా సంఘ పెద్దల్లో ఒక అంకుల్ లిస్ట్ చూసి "పండగ ముందు ఈ చీకటి ఏంటమ్మా, యేసు ప్రభువు సినిమా వేయొచ్చుగా" అన్నారు. ఆయన పిల్లల మీద ప్రేమతోనే అన్నారు, అది నాకు తెలుసు.

కానీ ఆ తర్వాత ఒకమ్మాయి, ఈ మధ్యే ఉద్యోగం పోయింది తనకి, మెట్ల దగ్గర ఆగి "అక్కా, యేసు సినిమా చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు చూశానో, నాకు ఇప్పుడు ఏమీ అనిపించట్లేదు, ఈ పాడైపోయిన లోకం సినిమాలు చూశాకే రూమ్‌కెళ్ళి ప్రార్థన చేసుకోవాలనిపిస్తోంది, ఇది తప్పా" అని అడిగింది. తప్పు కాదమ్మా అన్నాను కానీ ఎందుకు కాదో సరిగ్గా చెప్పలేకపోయాను.

నా ప్రశ్న ఇదే. ఈ సినిమాల్లో నిజంగా మన విశ్వాసానికి దగ్గరైన ఆశ ఉందా, లేక ఎవరు చనిపోయినా సిలువ, ఎవరు లేచినా పునరుత్థానం అని మనమే అతికిస్తున్నామా? ఒక్క సినిమానే చూపించాలంటే ఏది?

పెరంబూరు_ప్రొజెక్టర్:

సిస్టర్, ఒక్కటే అంటే నేను ఆలోచించకుండా చెప్తాను, చిల్డ్రన్ ఆఫ్ మెన్. 2006లో వచ్చింది, డైరెక్టర్ అల్ఫాన్సో క్వారోన్. అమెరికాలో రిలీజైంది సరిగ్గా డిసెంబర్ 25న, అది ఊరికే జరిగిందని నేను అనుకోను.

కథ 2027 లండన్‌లో. 18 ఏళ్ళుగా భూమి మీద ఎక్కడా ఒక్క బిడ్డ పుట్టలేదు, కారణం ఎవరికీ తెలీదు. ప్రపంచంలో అందరికంటే చిన్నవాడు, 18 ఏళ్ళ కుర్రాడు, చనిపోయాడని టీవీలో వార్త వస్తుంటే కాఫీ షాపులో జనం ఏడుస్తూ చూస్తుంటారు, సినిమా మొదలయ్యేదే అక్కడ. శరణార్థుల్ని బోనుల్లో పెట్టి రోడ్డు పక్కన ఉంచుతారు, చచ్చిపోవాలనుకునేవాళ్ళకి గవర్నమెంటే కిట్ ఇస్తుంది, దానికి యాడ్ కూడా వస్తుంది. థియో అని ఒకడు, ఒకప్పుడు పోరాటాలు చేసినవాడు, కొడుకు పోయాక ఏ నమ్మకమూ లేక తాగుతూ ఆఫీసుకెళ్ళి వస్తుంటాడు. అలాంటివాడి చేతిలో కీ అనే ఆఫ్రికన్ శరణార్థి అమ్మాయిని పెడతారు. ఆ అమ్మాయి తను గర్భవతినని అతనికి చూపించేది ఎక్కడో తెలుసా, పశువుల కొట్టంలో, ఆవుల మధ్య నిలబడి. లూకా 2లో యేసు పుట్టిన కథ చదివినవాడికి ఇంకొకరు వివరించక్కర్లేదు.

అయితే నేను ఈ సినిమా చెప్పేది కొట్టం సీన్ కోసం కాదు. రెండు చోట్లు మీ పిల్లలతో కూర్చుని మాట్లాడండి.

ఒకటి, థియో వాళ్ళ కజిన్ ఇల్లు. గవర్నమెంట్‌లో పెద్ద మనిషి, ప్రపంచంలోని గొప్ప కళాఖండాలన్నీ నాశనం కాకుండా తెచ్చి దాచుతుంటాడు, మైకెలాంజెలో దావీదు విగ్రహం గుమ్మంలోనే ఉంటుంది, కాలు కొంచెం విరిగి. భోజనం చేస్తుంటే గోడ మీద పికాసో గెర్నికా. ఆ పని పేరు కళల ఓడ, నోవహు ఓడ లాగా. థియో అడుగుతాడు, వందేళ్ళ తర్వాత ఇవన్నీ చూడ్డానికి ఒక్కడూ ఉండడు కదా, మరి ఎలా బతుకుతున్నావ్ అని. దానికి ఆయన చెప్పేది ఒక్కటే, నేను దాని గురించి ఆలోచించను అని. మనుషులు లేని ఓడ అది. మన అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో ఎంతమంది ఇదే మాట మీద బతుకుతున్నారో చూడండి, జీతం ఉంది ఈఎంఐ కడుతున్నాం, మిగతాది ఆలోచించం. నిరాశ అంటే ఏడవడం అనుకుంటాం గానీ ఇంత నీట్‌గా, ఇంత ఖరీదైన ఇంట్లో కూడా ఉంటుంది.

రెండోది చివర్లో. శరణార్థుల క్యాంప్‌లో తిరుగుబాటు జరుగుతోంది, బిల్డింగ్ మీద ట్యాంకులు కాలుస్తున్నాయి, ఆ లోపల కీ పుట్టిన బిడ్డని ఎత్తుకుని మెట్లు దిగుతుంది, బిడ్డ ఏడుస్తుంది. ఆ ఏడుపు వినగానే గోడల పక్కన నక్కినవాళ్ళు చేతులు చాచి బిడ్డ పాదం ముట్టుకోవాలని చూస్తారు, సైనికులు కాల్పులు ఆపండి ఆపండి అని అరుస్తారు, కొందరు మోకాళ్ళ మీద పడతారు, సిలువ గుర్తు వేసుకునేవాళ్ళు కూడా కనపడతారు. థియో, కీ మధ్యలోంచి నడుచుకుంటూ పోతారు. వాళ్ళు దాటాక ఎక్కడో ఒకటి పేలుతుంది, మళ్ళీ కాల్పులు మొదలు. అదే నాకు నచ్చింది. బిడ్డ పుట్టగానే లోకం మారిపోయిందని అబద్ధం చెప్పలేదు. బేత్లెహేములో కూడా ఆ రాత్రి దూతలు పాడారు, తర్వాత పసిపిల్లల మీదికి హేరోదు రాజు కత్తులు వచ్చాయి. మన క్రిస్మస్ ప్రోగ్రాముల్లో మత్తయి 2 చివరి భాగం ఎవరూ డ్రామా వేయరు.

నవల రాసిన పి.డి. జేమ్స్ ఆంగ్లికన్ విశ్వాసి, 1992లో వచ్చింది, పేరు 90వ కీర్తన నుంచి తీసుకున్నదే. నవల చివర థియో ఆ బిడ్డ నుదుటి మీద సిలువ గుర్తు వేస్తాడు. సినిమాలో అది తీసేశారు, కథ కూడా బాగా మార్చారు, అయినా వేరు మాత్రం అక్కడే ఉంది.

ఓఎంఆర్_నెల్లూరోడు:

అన్నా చిల్డ్రన్ ఆఫ్ మెన్ సూపర్ కానీ పిల్లలు కల్కి చూసుంటారు కదా అందరూ, అక్కడ్నుంచి మొదలుపెడితే ఈజీగా ఎక్కుతుంది. కల్కి 2898 ఏడీలో కూడా అదే కదా, భూమి అంతా ఎండిపోయి కాశీ ఒక్కటే మిగిలింది, పైన కాంప్లెక్స్‌లో గాలి నీళ్ళు చెట్లు అన్నీ ఉంటాయి, కింద ఏమీ ఉండవు, గర్భం రాగల ఆడవాళ్ళని ల్యాబ్‌లో పెట్టి సుప్రీమ్ యాస్కిన్ కోసం సీరం తీస్తుంటారు, అందులోంచి సుమతి బయటపడుతుంది. పుట్టబోయే బిడ్డంటే రాజుకి భయం, తల్లిని కాపాడ్డానికి ఒక ముసలాయన, అశ్వత్థామ. నేను థియేటర్లో కూర్చుని మోషే, ఫరో అనుకున్నాను మనసులో.

గిండీ_రీడర్:

నేను క్రిస్టియన్ని కాదు, హిందువుని, కానీ ఈ సినిమాలన్నీ ఇష్టం కాబట్టి ఒక మాట. పైన తమ్ముడు మోషే గుర్తొచ్చాడన్నాడు, నాకు దేవకి, కంసుడు గుర్తొచ్చారు, సినిమా తీసినవాళ్ళ మనసులో ఉన్నది కూడా ఆ కథలే. అశ్వత్థామకి శాపం ఎందుకొచ్చింది, ఉత్తర కడుపులో బిడ్డ మీద అస్త్రం వేసినందుకు. అలాంటివాడు వేల ఏళ్ళ తర్వాత ఇంకో కడుపులో బిడ్డకి కాపలా కాస్తున్నాడు, ఆ సినిమాలో నన్ను కదిలించింది అదే. దాన్ని మీ పిల్లలకి చెప్పేటప్పుడు మా కథని మా కథగానే ఉంచి, పక్కన మీ కథ పెట్టి చూపించండి, రెండూ ఒకటే అనొద్దు. తేడా కూడా మంచి చర్చే అవుతుంది. కల్కి వచ్చేది కలియుగాన్ని అంతం చెయ్యడానికి, చేతిలో ఖడ్గంతో. చిల్డ్రన్ ఆఫ్ మెన్‌లో బిడ్డ ఏమీ చెయ్యదు, ఏడుస్తుంది అంతే. అంత బలహీనమైనదాని మీద ఆశ పెట్టుకోవడం ఏంటి అని మీవాళ్ళని నిజంగా అడగండి, నాకూ ఆ జవాబు వినాలనుంది.

ఓఎంఆర్_నెల్లూరోడు:

కరెక్ట్ అన్నా, అశ్వత్థామ సంగతి ఆ కోణంలో నాకు తట్టలేదు, థాంక్స్.

తాంబరం_బ్రదర్:

సిస్టర్, మీ ప్రశ్నలో రెండో సగం ఉంది చూశారా, మనమే అతికిస్తున్నామా అని, దానికి నా జవాబు చాలాసార్లు అవును అనే. మ్యాట్రిక్స్ తీసుకోండి, మనుషులంతా యంత్రాల చేతిలో నిద్రలో బందీలై, కలలాంటి లోకాన్నే నిజమనుకుంటూ ఉండే సినిమా. 1999 నుంచి యూత్ మీటింగుల్లో దాన్ని సువార్త అని చెప్తూనే ఉన్నారు. గుర్తులు ఉన్నాయి, కాదనను. హీరో నియో అసలు పేరు థామస్, అంటే మన కొండ మీది తోమా పేరే, మొదట్లోనే ఒకడు అతన్ని నా సొంత యేసుక్రీస్తువి అంటాడు, ఊరి పేరు సీయోను, అమ్మాయి పేరు ట్రినిటీ, ఓడ పేరు నెబుకద్నెజరు, ఆ ఓడ ప్లేటు మీద మార్క్ 3, నంబర్ 11 అని ఉంటుంది, మార్కు సువార్త 3:11 తీసి చూడండి అపవిత్రాత్మలు ఏమని కేకలు వేశాయో. సైఫర్ యూదా లాగా శత్రువుతో భోజనానికి కూర్చుని అందరినీ అమ్మేస్తాడు, నియో చనిపోయి లేస్తాడు. అన్నీ కరెక్టే.

కానీ ఆశ ఏంటి అక్కడ? ఈ లోకం అబద్ధం, ఈ శరీరం ఉన్న చోటు జైలు, నిజం తెలిసిన కొద్దిమంది తప్పించుకుంటారు. ఇది మొదటి శతాబ్దాల్లో సంఘం ఎదిరించిన బోధకి దగ్గర, మన విశ్వాసానికి కాదు. మనం నమ్మేది శరీర పునరుత్థానం, ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో చెప్తాం. ప్రకటన 21లో మనం పైకి పారిపోవడం లేదు, పట్టణమే కిందికి దిగి వస్తోంది, దేవుడు మనుషులతో కాపురముంటాడు. ఇంకోటి, ఆ లాబీ సీన్‌లో నియో, ట్రినిటీ కాల్చి పడేసే గార్డులు నిజమైన మనుషులే, వాళ్ళు కూడా ఎక్కడో నిద్రలో ఉన్న ఖైదీలే, వాళ్ళ కోసం ఒక్క క్షణం ఆగరు. గుర్తులు ఎన్ని ఉన్నా శత్రువుని ప్రేమించడం అనే ఊసే లేని సినిమాకి మనం సువార్త అని ఎందుకు పేరు పెట్టాలి?

అదే బ్లేడ్ రన్నర్ చూడండి, 1982ది, ఎవరూ దాన్ని చర్చిలో చెప్పరు. రాయ్ బాటీ మనిషి చేసిన మనిషి, నాలుగేళ్ళే ఆయుష్షు ఇచ్చారు, చేతులకి రక్తం అంటినవాడు. చివర్లో తనని చంపడానికి వచ్చినవాడే బిల్డింగ్ అంచున వేలాడుతుంటే, మేకు దిగిన చేత్తో పట్టుకుని పైకి లాగుతాడు. తర్వాత వానలో కూర్చుని చనిపోతాడు, చేతిలోంచి తెల్ల పావురం ఎగిరిపోతుంది. మేకు, పావురం కంటే నాకు ముఖ్యం ఆ లాగడం. శత్రువుని బతికించడానికి అతనికి ఏ కారణమూ లేదు. మ్యాట్రిక్స్ మొత్తం కంటే ఆ ఒక్క నిమిషంలో నాకు ఎక్కువ సువార్త కనిపిస్తుంది.

కాబట్టి వెతకాల్సింది గుర్తులు కాదు సిస్టర్. లోకం ముగిసిపోతోందని తెలిసి కూడా ఎవరు ఏం చేశారు అనేది చూడండి. యిర్మీయా 32 చదివి వెళ్ళండి ఆ సాయంత్రం. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ ముట్టడి వేసి ఉంది, ఊరు పడిపోతుందని చెప్పినవాడు యిర్మీయానే, చెప్పినందుకు చెరసాల ప్రాంగణంలో ఉన్నాడు. అలాంటి టైమ్‌లో అనాతోతులో పొలం కొంటాడు, 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల్ని పెట్టి, దస్తావేజు చాలా రోజులు ఉండేలా మట్టికుండలో పెట్టిస్తాడు. ఊరు పడదని కాదు, పడుతుందని తెలిసే కొన్నాడు, ఈ దేశంలో మళ్ళీ ఇళ్ళు పొలాలు కొంటారని దేవుడు చెప్పాడు కాబట్టి. శత్రువుల చేతిలో ఉన్న భూమికి రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టు. నాకు తెలిసి బైబిల్లో నిరీక్షణ అంటే అంత పక్కా పని. చిల్డ్రన్ ఆఫ్ మెన్‌లో థియో కీని పడవ దాకా చేర్చడం కూడా అదే కోవ, పడవ వస్తుందో రాదో తెలీదు, వచ్చినా తను చూస్తాడో లేదో తెలీదు.

సైదాపేట_అక్క:

ది బుక్ ఆఫ్ ఈలై ఎవరూ చెప్పలేదేంటి? 2010, డెంజెల్ వాషింగ్టన్. యుద్ధం తర్వాత కాలిపోయిన అమెరికాలో ఒకాయన 30 ఏళ్ళుగా పడమటికి నడుస్తుంటాడు, సంచిలో మిగిలిన ఆఖరి బైబిల్. తినేముందు ప్రార్థన చేస్తాడు, సొలారా అనే అమ్మాయి దాన్ని చూసి నేర్చుకుని మరుసటిరోజు గుడ్డిదైన వాళ్ళమ్మ చేతులు పట్టుకుని అలాగే చేయబోతుంది, వాళ్ళమ్మ కంగారు పడిపోతుంది. ఎంత చిన్న సీనో, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అసలు సంగతి విలన్‌లో ఉంది. కార్నెగీకి కూడా బైబిలే కావాలి, అందరికంటే ఎక్కువ కావాలి, ఎందుకంటే ఆ మాటలు చేతిలో ఉంటే జనం తను చెప్పినట్టు వింటారని చిన్నప్పుడే చూశాడు. చివరికి ఈలైని కాల్చి పుస్తకం దోచుకుని తాళం తెరిస్తే అది బ్రెయిల్ లిపిలో ఉంటుంది. తన దగ్గరున్న ఒక్క గుడ్డి మనిషిని, ఇన్నాళ్ళు తను హింసించిన సొలారా వాళ్ళమ్మనే, చదవమని బతిమాలాల్సి వస్తుంది, ఆవిడ మర్చిపోయానంటుంది. పుస్తకం లేకుండా చేరిన ఈలై మాత్రం మొత్తం నోటితో చెప్పి రాయిస్తాడు. బ్రెయిల్‌లో మొత్తం బైబిల్ ఒక్క పుస్తకంలో పట్టదు, ఓ అలమారా నిండుతుంది, అది సినిమా కాబట్టి వదిలేద్దాం. కానీ వాక్యం చేతిలో ఉండటం వేరు, లోపల ఉండటం వేరు అని ఇంతకంటే గట్టిగా ఎవరు చూపించారు? ఈలై కూడా ఒక చోట ఒప్పుకుంటాడు, పుస్తకాన్ని కాపాడే హడావిడిలో అది చెప్పినట్టు బతకడం మర్చిపోయానని. సంఘ పెద్దలు కూడా కూర్చుని చూడాల్సిన సినిమా.

నచ్చనిది చెప్పాలంటే కత్తి పట్టుకుని వాడు నరికే తీరు. కెమెరా దాన్ని ఆనందంగా చూపిస్తుంది, 23వ కీర్తన అప్పజెప్పే నోటికి అది సరిపోలేదు.

వేపేరి_సిస్టర్:

అందరికీ చాలా థాంక్స్, రాత్రి కూర్చుని అన్నీ చదివాను. తాంబరం బ్రదర్, యిర్మీయా 32 ఈ కోణంలో నేనెప్పుడూ చెప్పలేదు, ఆ అమ్మాయికి ముందు అదే చెప్తాను. ఇంకో డౌట్, ఆ అంకుల్‌కి ఏం చెప్పాలి? ఆయన్ని పక్కన పెట్టి చేయడం నాకిష్టం లేదు.

పెరంబూరు_ప్రొజెక్టర్:

అడ్వెంట్ మొదటి ఆదివారం సువార్త పాఠం ఏది వస్తుందో ఆయన్నే అడగండి సిస్టర్. చాలా సంఘాలు వాడే పాఠాల పట్టికలో మత్తయి 24, మార్కు 13, లూకా 21, ఏ సంవత్సరమైనా వీటిలో ఒకటి, సూర్యుడు చీకటి కమ్మడం, జనాలు దిక్కుతోచక భయపడటం. మన పెద్దలు క్రిస్మస్‌కి తయారవ్వడం అక్కడ్నుంచే మొదలుపెట్టారు, బెల్స్ స్టార్స్ తర్వాత. ప్రకటన గ్రంథం కూడా పత్మాసులో బందీగా ఉన్న యోహాను కష్టాల్లో ఉన్న ఏడు సంఘాలకి ధైర్యం చెప్పడానికి రాసిందే, మనం భయపెట్టడానికి వాడుతున్నాం.

తాంబరం_బ్రదర్:

88వ కీర్తన కూడా చూపించండి. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది, తర్వాత ఓదార్పు వచనం ఒక్కటి కూడా లేదు. దేవుడు దాన్ని తన పుస్తకంలో ఉంచుకున్నాడు. ఉద్యోగం పోయిన ఆ చెల్లెలికి యేసు సినిమా ఎక్కకపోవడం ప్రభువు మీద ప్రేమ తగ్గి కాదు, తన చీకటిని ఒప్పుకునే చోటు కావాలి తనకి. ఆ చీకటి నిజమేనని ఒప్పుకున్నాకే వెలుగు గురించి చెప్తే వింటుంది.

2015 డిసెంబర్‌లో మా వైపు నీళ్ళొచ్చినప్పుడు చూశాను నేను. కరెంటు లేదు, ఫోన్ లేదు, ముడిచూర్ రోడ్డు మీద జాలర్లు సముద్రంలో తిప్పే పడవలు తెచ్చి మేడల మీదున్నవాళ్ళని దించారు. వాళ్ళ ఇళ్ళలోనూ నీళ్ళే ఉండుంటాయి. మా చర్చి హాల్లో ఏ మతమైనా అందరూ పడుకున్నారు. అప్పుడు ఎవరూ నిరీక్షణ మీద ప్రసంగం చెప్పలేదు, ఉప్మా గిన్నె చేతులు మారుతూ వెళ్ళింది. ఆ పడవ నడిపినాయన ఎవరో ఇప్పటికీ తెలీదు, చిల్డ్రన్ ఆఫ్ మెన్ ఆఖరి సీన్ చూస్తే ఆయనే గుర్తొస్తాడు.

సైదాపేట_అక్క:

సిస్టర్ ఒక జాగ్రత్త. చిల్డ్రన్ ఆఫ్ మెన్‌లో బూతులు, రక్తం, ఒకచోట ఒంటి మీద బట్టలు లేని దృశ్యం ఉన్నాయి, అమెరికాలో ఆర్ రేటింగ్. ఉద్యోగాలు చేసే పిల్లలకి ఓకే. ఇంటర్ వాళ్ళుంటే వాళ్ళకి వాల్-ఈ వేయండి, 2008ది, దాని డైరెక్టర్ ఆండ్రూ స్టాంటన్ కూడా విశ్వాసే. చెత్త కుప్పైన భూమి మీద ఒక చిన్న మొక్క దొరకడం, దాన్ని మోసుకుని ఓడకి వెళ్ళడం, నోవహు పావురం తెచ్చిన ఒలీవ ఆకు గుర్తురాకుండా ఉండదు. నడవడం మర్చిపోయిన కెప్టెన్ కాళ్ళ మీద లేచి నిలబడేటప్పుడు మా వాడు చప్పట్లు కొట్టాడు.

గిండీ_రీడర్:

నేనడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు, ఏడ్చే బిడ్డ మీద ఆశ ఏంటని.

పెరంబూరు_ప్రొజెక్టర్:

అన్నా, నాకు తోచింది చెప్తాను. ఆ కాల్పులు ఎందుకు ఆగాయో చూడండి. ఇంకా పెద్ద తుపాకీ వస్తే ఆగేవి కావు, దానికి ఎదురుగా ఇంకోటి తెచ్చుకునేవాళ్ళు. బిడ్డ ఏడుపుకి ఎదురు ఏం తెచ్చుకుంటారు? మేము నమ్మే దేవుడు అలా వచ్చాడు, భయపెట్టి లొంగదీసుకునేలా కాదు, ఎత్తుకోకపోతే బతకలేని స్థితిలో. ఎత్తుకోవడమా చంపడమా అనేది మనుషుల చేతుల్లో పెట్టాడు, చంపారు కూడా. అది పూర్తి జవాబు కాదు, మీరు ఆ శనివారం వస్తే కూర్చుని మాట్లాడుకుందాం, సిస్టర్‌కి అభ్యంతరం లేకపోతే.

వేపేరి_సిస్టర్:

అయ్యో అభ్యంతరమేంటి, తప్పకుండా రండి గిండీ అన్నా, మీలాంటివాళ్ళు ఒకరు అడిగితేనే మావాళ్ళు నోరు తెరుస్తారు. ఉద్యోగాల వాళ్ళకి చిల్డ్రన్ ఆఫ్ మెన్ సాయంత్రం, చిన్నవాళ్ళకి మధ్యాహ్నం వాల్-ఈ అని ఫిక్స్ అయ్యాను. అంకుల్‌తో మాట్లాడాను, లూకా 21 ఆయనే చదువుతానన్నారు, సినిమా మొత్తం కూర్చోలేను గానీ చర్చకి ఉంటానన్నారు. యిర్మీయా 32 ఉద్యోగం పోయిన అమ్మాయి చదువుతుంది, అడిగితే వెంటనే ఒప్పుకుంది. తెలుగు సబ్‌టైటిల్స్ ఎక్కడైనా దొరుకుతాయా, ఇంగ్లీష్‌వి ఉన్నాయి కానీ బ్రిటిష్ యాస మీద స్పీడ్‌గా వెళ్ళిపోతే కొందరికి అందదు.

పెరంబూరు_ప్రొజెక్టర్:

తెలుగువి నాకు కనపడలేదు సిస్టర్. ఇంగ్లీష్ పెట్టి, మూడు చోట్ల పాజ్ చేసి తెలుగులో చెప్దాం, కజిన్ ఇంటి భోజనం దగ్గర, పాడుబడ్డ స్కూల్లో మంత్రసాని మాట్లాడే దగ్గర, కొట్టం దగ్గర. బిల్డింగ్ మెట్లు దిగే సీన్ మాత్రం అస్సలు ఆపొద్దు. ప్రొజెక్టర్, స్పీకర్లు నేను తెస్తాను.